కుర్రాళ్ళ రాజమండ్రి

రాజమండ్రి చరిత్ర రాసేవాళ్ళు రాజరాజనరేంద్రుడితో మొదలుపెడతారు. నన్నయ భారతం మీదుగా వచ్చి, కాటన్ దొర ఆనకట్ట దగ్గర కాసేపు ఆగి, వీరేశలింగం గారికి దణ్ణం పెట్టుకుని, పుష్కరాలతో ముగిస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఇదే ఊళ్ళో పుట్టి, ఇరవయ్యేళ్ళ వయసులో జేబులో చిల్లర లెక్కపెట్టుకుంటూ తిరిగినవాణ్ణి అడిగి చూడండి, ఊరి చరిత్ర వేరే దారిలో చెబుతాడు. అతని లెక్కలో వంతెన అంటే సైకిలు పందెం. గ్రంథాలయం అంటే ఫ్యాను కింద ఉచితంగా దొరికే మధ్యాహ్నం. రేవు అంటే ఇంటికి వెళ్ళబుద్ధి కాని సాయంత్రం. పెద్దలు ఏదో ఘనకార్యం కోసం కట్టినదాన్నల్లా ఈ ఊరి కుర్రాళ్ళు తమ సరదాకి వాడుకున్నారు. నూట నలభై ఏళ్ళుగా ఇదే వరస.

ముందు వంతెనల సంగతి. 1897లో పని మొదలై 1900లో రైళ్ళు తిరగడం మొదలైన హేవ్‌లాక్ వంతెనకి అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. మొత్తం 56 ఖానాలు, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి రెండున్నర కిలోమీటర్ల పైమాటే. హౌరా నుంచి మద్రాసుకి రైళ్ళు ఆగకుండా పోవాలని కట్టిన వంతెన అది. మా ఊరి పిల్లలకి మాత్రం అది డబ్బులు రాల్చే చెట్టు. రైలు గోదారి మీదకి రాగానే ప్రయాణికులు దణ్ణం పెట్టి పైసలు విసురుతారు. నీళ్ళు తగ్గిన రోజుల్లో తాడుకి అయస్కాంతం కట్టి ఇసకలో లాగుతూ వాటిని ఏరుకునే పిల్లలు రేవులో ఎప్పుడూ ఉండేవారు. మునిగి తీసేవాళ్ళది పై తరగతి. వాళ్ళ ముందు ఒడ్డున నిలబడ్డ మాబోటి వాళ్ళకి పెద్ద విలువ ఉండేది కాదు.

1974లో రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చింది. అంతవరకూ కొవ్వూరు వెళ్ళాలంటే రైలెక్కాలి, లేదా రేవులో పడవో లాంచీయో చూసుకోవాలి. కొత్త వంతెనలో కింది అంతస్తు రైలుకి, పై అంతస్తు రోడ్డుకి. గట్ల మీదికి సాగిన భాగం కూడా కలుపుకుని రోడ్డు పొడవు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. మా తరానికి అది పెద్ద వరం. ఎనభైల్లో డిగ్రీ చదువుతున్న మా జట్టులో నలుగురం, సైకిళ్ళు రెండు. తొక్కేవాడు, వెనక క్యారేజీ మీద కూర్చునేవాడు వంతెన సగంలో మారాలని ఒప్పందం.

"ఒరేయ్, ఎదురుగాలి రా ఇవాళ" అని ముందే గొణిగేవాడొకడు.

"వచ్చేటప్పుడు అదే తోస్తుందిలే, తొక్కు" అనేవాడింకొకడు.

గాలి విషయంలో వాడి మాట నిజమే. కొవ్వూరు మాకు పడమట ఉంది. నైరుతి గాలి వీచే నెలల్లో వెళ్ళేటప్పుడు ప్రాణం తీస్తుంది, వచ్చేటప్పుడు కాళ్ళు కదపకుండా ఇంటికి చేరుస్తుంది. నడిమధ్యకి వచ్చేసరికి కింద రైలు వస్తే ఆ సంగతి చెవికన్నా ముందు అరచేతులకి తెలిసేది. హ్యాండిల్ సన్నగా జివ్వుమనేది, ఆ తరవాత బెల్లు దానంతటదే టిక్కుటిక్కుమనేది, ఆపైన ఇనుము మొత్తం ఒక్కసారి మోగేది. సైకిళ్ళు ఆపి, పిట్టగోడ పట్టుకుని, ఆ మోత పూర్తిగా అయ్యేదాకా కదిలేవాళ్ళం కాదు. కింద గోదారి, నడుమ రైలు, పైన మేము. కొవ్వూరులో గోష్పాద క్షేత్రం దగ్గర నీళ్ళు తాగి తిరుగుముఖం పట్టడం తప్ప అక్కడ మాకు పనేమీ ఉండేది కాదు. పని లేకపోవడమే ఆ ప్రయాణంలో గొప్పతనం.

రెండో దారి దక్షిణాన ధవళేశ్వరానికి, గోదారి గట్టు వెంబడి. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో, మా రోజుల్లోనే కొత్త బ్యారేజీ పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. డెల్టా రైతుకి అది అన్నం పెట్టిన కట్టడం. మాకు, గేట్ల కింద నుంచి తెల్లగా దూకే నీళ్ళని చూస్తూ నోట్లో వేరుశనక్కాయలు వేసుకునే చోటు. జనార్దనస్వామి కొండెక్కితే ఆ నీళ్ళు, లంకలు, దూరంగా కొబ్బరి చెట్ల గీత, అన్నీ ఒక్క చూపులో పడేవి. వీరేశలింగం గారు రాజశేఖర చరిత్రని ఈ ధవళేశ్వరంతోనే ఎందుకు మొదలుపెట్టారో ఆ కొండ మీద కూర్చున్నవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇదంతా మా తరం కనిపెట్టిన సరదా అనుకుంటే పొరపాటు. ఈ ఊళ్ళో కుర్రకారు చేసిన సాహసాల్లో పెద్దది 1881 డిసెంబరు 11న జరిగింది. ఆ రాత్రి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఊరి పెద్దల్లో చాలామంది మొహం చాటేశారు. అప్పుడు ఆయనకి అండగా నిలిచినవాళ్ళలో కాలేజీ విద్యార్థులున్నారు. చరిత్ర పుస్తకంలో అది సంఘ సంస్కరణ. ఆ రాత్రి వీధిలో నిలబడ్డ పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి మాత్రం అందులో సంస్కరణ ఎంతో, స్నేహితుల పక్కన నిలబడి ఊరిని ఎదిరించిన ఉత్సాహం కూడా అంతే ఉండి ఉంటుంది. రెంటినీ విడదీయనక్కర్లేదు.

తరవాత కొన్నేళ్ళకి ఒంగోలు వైపు నుంచి ఒక కుర్రాడు, గురువు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారి వెంట ఈ ఊరొచ్చాడు. చదువుకన్నా నాటకాల మీద మోజెక్కువ. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు ఆ నాటక సమాజానికి కీచకవధ, గయోపాఖ్యానం లాంటివి రాసిచ్చారు. ఈ కుర్రాడు వాటిలో వేషాలు కట్టాడు. ఆడవేషానికీ వెనకాడలేదు. చుట్టూ ఒక ముఠా, వీధి తగాదాలు, చేతికర్రలు, రాత్రుళ్ళు తిరుగుళ్ళు. పెద్దయ్యాక తన జీవితకథలో ఆయనే ఇవన్నీ దాచుకోకుండా రాసుకున్నాడు. ఆయన పేరు టంగుటూరి ప్రకాశం. 1904లో ఇదే ఊరికి మునిసిపల్ ఛైర్మన్ అయ్యాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. వేషాలు కట్టిన ఊరే ఆయనకి మొదటి కుర్చీ వేసింది.

ప్రకాశం నాటకాలాడిన రోజులకి ఓ ఇరవయ్యేళ్ళ తరవాత, ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అని ఒక ఇంగ్లీషు ప్రిన్సిపాలు వచ్చాడు. తనే బొమ్మలు వేసేవాడు, కవిత్వం రాసేవాడు. చుట్టూ కొందరు కుర్రాళ్ళని పోగేసి గోదారి వెంట, పల్లెల వెంట తిప్పేవాడు, అజంతా దాకా తీసుకెళ్ళాడు. ఆ జట్టులో అడివి బాపిరాజు ఉన్నాడు, దామెర్ల రామారావు ఉన్నాడు. రామారావు బొంబాయి వెళ్ళి చిత్రకళ చదివి, వెనక్కొచ్చి ఇక్కడే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచి సోకి పోయాడు. అప్పటికి ఇరవయ్యెనిమిదేళ్ళు నిండలేదు. ఆయనతో దేశం తిరిగి బొమ్మలు చూసిన స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆ బడినీ, ఆ బొమ్మలనీ చెదిరిపోనివ్వలేదు. ఇవాళ దామెర్ల పేరుతో ఉన్న చిత్రశాలలో ఆ బొమ్మలు చూస్తున్నామంటే దానికి కారణం ఒక్క ప్రతిభే కాదు, చచ్చిపోయిన నేస్తం పనిని వదలని ఇంకో కుర్రాడు కూడా. ఊరి చరిత్రలో స్నేహానికి కట్టిన గుడి ఏదైనా ఉంటే అదే.

మా జట్టులో ప్రకాశం గారు గానీ, రామారావు గారు గానీ తేలలేదు. ఒకడు బ్యాంకులో చేరాడు, ఒకడు తండ్రి మిఠాయి కొట్టులో కూర్చున్నాడు, ఒకడు రైల్వేలో కుదిరి ఖరగ్‌పూర్ వైపు వెళ్ళిపోయాడు. అయితే మాకూ ఒక దినచర్య ఉండేది. మధ్యాహ్నం గౌతమీ గ్రంథాలయం. 1898 నాటిది. నాళం కృష్ణారావు గారి లాంటి వాళ్ళు చెమటోడ్చి పెంచిన పుస్తకాల కోట, తాళపత్రాలతో సహా. మేం తాళపత్రాల జోలికి పోలేదు. దినపత్రిక విడదీసి తలా ఒక కాగితం పంచుకునేవాళ్ళం. సినిమా పేజీకి మాత్రం వంతు. గొంతు కాస్త పెరిగితే బల్ల అవతలి పెద్దాయన కళ్ళజోడు మీదుగా చూసేవాడు. ఆ చూపు చాలు, పది నిమిషాలు పిన్‌డ్రాప్. నవలలు అక్కడే అలవాటయ్యాయి. ఒకడు చదివి, బాగుందంటే రెండోవాడు తీసుకునేవాడు. బాగోలేదంటే నలుగురూ చదివేవాళ్ళం, ఎంత బాగోలేదో తేల్చడానికి.

సాయంత్రం కోటగుమ్మం వైపు. అక్కడ రోజ్ మిల్క్ తాగనివాడు రాజమండ్రి చూసినట్టు కాదని ఊరి మాట. పాలు బాగా మరగకాచి చల్లార్చి, గులాబీ షర్బత్ కలిపి ఇస్తారు. గ్లాసు అంచున మీగడ తునక అంటుకుని ఉంటుంది. దాన్ని నాలుకతో అందుకోవాలా, వేలితో తీయాలా అని మాలో రెండు వర్గాలు. డబ్బులు చాలనప్పుడు రెండు గ్లాసులు నలుగురికి. ఎవరు ముందు తాగాలో నాణెం ఎగరేసేవాళ్ళం. ముందు తాగినవాడు సగానికి ఆపాలి. ఆ సగం ఎక్కడుందనే దాని మీద జరిగినన్ని వాదనలు టౌన్ హాల్లో కూడా జరిగి ఉండవు. రోజ్ మిల్కు తరవాత నోరు తీపెక్కితే పిడత కింద పప్పు. మరమరాలు, ఉల్లిపాయ ముక్కలు, కారం, నిమ్మరసం, కాగితం పొట్లం. అది తింటూ రేవుకి.

సినిమా పండగ లెక్క. మా ఊళ్ళో హాళ్ళకి రంభ, ఊర్వశి, మేనక అని పేర్లు పెట్టి, వాళ్ళు చాలనట్టు అప్సర అని ఇంకొకటి కట్టారు. ఇంద్రుడి సభలో ఉన్నవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు, మనకి టికెట్ దొరకడమే తక్కువ అనేవాడు మిఠాయి కొట్టబ్బాయి. మొదటి రోజు క్యూలో చొక్కా గుండీలు ఊడటం మామూలు. ఇంటికొచ్చి వాటికి కథ అల్లడం ఇంకో సినిమా.

1986 ఆగస్టులో మాత్రం రేవు సరదా ఆగిపోయింది. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ నీటిమట్టం దాటి, 16వ తేదీ నాటికి బ్యారేజీ దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు మించింది. మొదట మేమూ అందరిలాగే గట్టు మీదకి చూడ్డానికే వెళ్ళాం. గడ్డివాములు, గుడిసె కప్పులు, గొడ్లు కొట్టుకుపోతుంటే అరగంటకి మాటలు పడిపోయాయి. ఆ తరవాత లంకల నుంచి వచ్చినవాళ్ళు బడుల్లో తలదాచుకుంటే, ఆ రెండు సైకిళ్ళ క్యారేజీలకే పులిహోర పొట్లాల గంపలు కట్టి తిప్పాం. వీధి వీధికీ అలాంటి జట్టు ఒకటుంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ జాబితా రాయలేదు. రోజూ కలిసి తిరిగేవాళ్ళకి ఎవడెక్కడ దొరుకుతాడో, ఎవడు ఎంత బరువు మోయగలడో ముందే తెలుసు. 1991 పుష్కరాల్లో తప్పిపోయిన ముసలమ్మలని బస్టాండు చేర్చినా, రేవులో మెట్టు జారినవాళ్ళని పట్టుకున్నా ఆ పరిచయమే పనికొచ్చింది. ఊరికే తిరగడం అని ఇంట్లో తిట్టిన విద్యే అక్కరకొచ్చింది.

1997లో మూడో వంతెన, విల్లు ఆకారంలో కమానులున్నది, రైళ్ళకి సిద్ధమయ్యాక హేవ్‌లాక్ వంతెనకి విశ్రాంతి ఇచ్చారు. దాన్ని ఏం చెయ్యాలని అప్పట్నుంచీ ఆలోచనలు సాగుతూనే ఉన్నాయి. ఘాట్లు పెరిగాయి, దీపాలు పెరిగాయి, సాయంత్రం హారతికి జనం పెరిగారు. మంచిదే. ఇప్పటి కుర్రాళ్ళు చెడిపోయారని నేననను. రేవులో వాళ్ళూ నలుగురైదుగురు కూర్చుంటున్నారు, బండి ఒకటైతే ముగ్గురెక్కుతున్నారు, పొట్లం ఒకటైతే పంచుకుంటున్నారు.

నా మనవి ఊరిని అందంగా తీర్చిదిద్దే పెద్దలకే. ఏది కట్టినా టికెట్ పెట్టకుండా కొంత చోటు వదలండి. ఏ పనీ లేనివాడు కూర్చోవడానికి మెట్లు, డబ్బు లేనివాడు చదువుకోవడానికి ఒక బల్ల, ఇద్దరు మాట్లాడుకుంటూ నడవడానికి గట్టు మీద ఒక దారి ఉంటే చాలు. చీకటి పడ్డాక అక్కడ ముఠాగా కనిపించిన కుర్రాళ్ళని "ఇక్కడేం పని మీకు?" అని గద్దించకండి. ప్రకాశం గారినీ ఈ ఊళ్ళో ఎవరో ఒకరు అలా అడిగే ఉంటారు.