నజర్ తగ్గితే కితాబ్ మూసేయాలా?

మా నానీ ఆఖరి ఏళ్ళలో ఫజర్ తర్వాత ఖుర్ఆన్ తెరిచేది. వేలితో సతర్ తడిమి, కాసేపు చూసి, మూసేసేది. ఐనక్ ఉంది, ఫాయిదా లేదు. "ఉమర్ హోగయీ బేటా" అనేది. మేమూ అంతేననుకున్నాం. అలా అనుకోవడమే ఇప్పటికీ గుచ్చుతుంది. ఎందుకంటే కమ్‌జోర్ కళ్ళకు అద్దం సహారా ఇస్తుందని మనిషికి తెలిసి ఏడు వందల ఏళ్ళు దాటింది.

ఆ తారీఖ్‌లో మనవాళ్ళ హిస్సా ఉంది. బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ 11వ శతాబ్దంలో కైరోలో 'కితాబుల్ మనాజిర్' రాశారు. చూపు కంటి నుంచి బయటికి పోదు, వస్తువు నుంచి వెలుగే కంట్లోకి వస్తుందని దలీల్‌తో చూపారు. ఏడో భాగంలో నీళ్ళు, గాజు గుండా వెళ్ళేటప్పుడు వెలుగు ఎలా వంగుతుందో చర్చించారు. ఐనక్ కనిపెట్టిందీ ఆయనేనని కొన్ని తక్రీర్లలో అంటుంటారు. అది సహీ కాదు. ఆయన కితాబ్ లాటిన్‌లోకి వెళ్ళింది. దాన్ని చదివిన ఇంగ్లండ్ క్రైస్తవ సన్యాసి రోజర్ బేకన్, గాజు గోళంలోంచి కోసిన ముక్కను అక్షరాల మీద పెడితే పెద్దగా కనిపిస్తాయని, ముసలివాళ్ళకు పనికొస్తుందని 1267 ప్రాంతంలో రాశాడు. 1286 ప్రాంతంలో ఇటలీలో కళ్ళజోడు తయారైంది. 15వ శతాబ్దంలో హెరాత్ షాయిర్ మౌలానా జామీ ముసలితనంలో తన కళ్ళకు ఫిరంగీ అద్దాల అవసరం గురించి రాసుకున్నారు. ఇటు నుంచి వెళ్ళిన ఇల్మ్ అద్దమై తిరిగొచ్చింది.

మరి నానీ ఐనక్ ఎందుకు పనిచేయలేదు? మామూలు ఐనక్ వెలుగును కంటి పర్దా మీద సరిగ్గా పడేలా చేస్తుంది, అంతే. పర్దాయే పాడైతే నంబర్ ఎంత మార్చినా లాభం లేదు. అప్పుడు అక్షరాన్నే పెద్దది చేయాలి. పర్దాలో బాగున్న భాగం దాన్ని పట్టుకుంటుంది. 20 డయాప్టర్ల భూతద్దమైతే కాగితం దానికి 5 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఒక్కసారికి కొద్ది అక్షరాలే కనిపిస్తాయి. మంచి వెలుతురు కావాలి, మష్ఖ్ కావాలి. దూరంగా ఉన్న బోర్డు చదవడానికి చిన్న టెలిస్కోప్ వేరే ఉంటుంది.

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో లో విజన్ వాళ్ళ కోసం ప్రత్యేక విభాగమే ఉంది. డాక్టర్ "ఇక ఇలాజ్ లేదు" అంటే లేచి వచ్చేయకండి. "లో విజన్ పరీక్ష ఎక్కడ చేస్తారు?" అని అడగండి.

మిగిలిన కొంచెం నజర్ కూడా అల్లాహ్ ఇచ్చిన అమానతే. మీ ఇంట్లో బుజుర్గులెవరైనా కితాబ్ మూసేస్తుంటే, సబర్ చేయమని చెప్పే ముందు వాళ్ళ చేతికి సరైన అద్దం అందించండి.