రేణిగుంట విమానాశ్రయము: విమానసంస్థల రాకపోకలు

రేణిగుంట విమానాశ్రయము తిరుపతికి తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్నది. మదరాసునుండి వెడలిన రైలుమార్గము 1862 నాటికే రేణిగుంటను చేరి, పిమ్మట ఆ యూరు జంక్షనయి వర్ధిల్లినను, విమానము దిగుటకు మరి నూరేండ్లకు పైగా పట్టెను. ఈ విమానాశ్రయము 1976లో వాడుకలోనికి వచ్చెను. అప్పుడు దేశమందలి విమానయానము ఇండియన్ ఎయిర్‌లైన్సను ప్రభుత్వసంస్థ చేతిలో నుండెను. 1994లో ఆ సంస్థకు గుత్తాధికారమిచ్చిన చట్టము రద్దయిన పిమ్మట, ఏ మార్గమునకామార్గము తన ఖర్చు తాను రాబట్టుకొనవలసిన కాలము వచ్చెను.

ప్రయాణికులు లేకయే చిన్న విమానాశ్రయములు వెలవెలబోవునని సామాన్యముగా తలంతురు. రేణిగుంట విషయమున నీ మాట చెల్లదు. శ్రీవారి యాత్రికులకు కొదువ యెన్నడును లేదు. కాని ఆ యాత్రికుడు రైలులోనో బస్సులోనో రాగలడు, చెన్నైలో విమానము దిగి కారులోనైనను రాగలడు. సెలవులందు క్రిక్కిరిసి, తక్కిన దినములందు సగము ఖాళీగా నెగురు విమానమునకు ఇంధనపు వెలగాని అద్దెగాని తగ్గదు. తొందరపని గలిగి, వెల చూడక, వారమంతయు నెక్కు వర్తకులును ఉద్యోగులును ఉన్నపుడే మార్గము నిలుచును. అట్టివారు పెద్ద నగరములందే మెండు.

తెలుగునాట పుట్టిన చిన్న సంస్థలు ఇట్టి చోట్ల విమానముల వెలితిని పూరింప జూచినవి. విజయవాడ కేంద్రముగా 2013లో వెలసిన ఎయిర్ కోస్టా 2017లో నిలిచిపోయెను. సుమారు 70 మంది పట్టు ఏటీఆర్ విమానములతో 2015 జూలైలో హైదరాబాదునుండి తిరుపతికి తన తొలియానము నడపిన ట్రూజెట్ 2022లో మూతపడెను. అద్దె విమానములు నాలుగైదే గల సంస్థకు ఒకటి మరమ్మతుకు బోయినను మార్గమే తెగిపోవును.

2015 అక్టోబరు 22న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ రేణిగుంటలో క్రొత్త టెర్మినలును ప్రారంభించిరి. 2017లో అంతర్జాతీయ హోదాయు లభించెను; విదేశములకు క్రమము తప్పక నడచు విమానములు మాత్రము దాని వెంట రాలేదు. విమానములను రప్పించుట హోదా చేయగల పని కాదు.

పొరుగున నున్న కడప పాట్లు ఇంతకన్న నెక్కువ. 2015 జూన్‌లో తెరువబడిన ఆ విమానాశ్రయమునకు బెంగుళూరునుండి వచ్చుచుండిన ఎయిర్ పెగాసస్ మరుసటి యేడే మూతబడెను. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకపు తొలియానములలో నొకటిగా కడప–హైదరాబాదు విమానము బయలుదేరెను. గంట ప్రయాణమునకు సుమారు 2,500 రూపాయలకు సగము సీట్లనమ్మి, లోటును ప్రభుత్వము మూడేండ్లు భరించుట ఆ పథకపు ఏర్పాటు. ఆ కడప విమానమును నడపినదియు ట్రూజెట్టే. ఆ సంస్థ పోయిన పిమ్మట 2022 మార్చిలో ఇండిగో కడపకు విమానములు నడపుటకు పూనుకొనగా, నష్టపూరణ ధనమును చెల్లించుటకు రాష్ట్రప్రభుత్వము ఒప్పుకొనెను.