నిప్పురవ్వ చరిత్ర: బేగంపేట నుంచి శంషాబాదు దాకా

పెట్రోలు ఇంజనుకు ప్రాణం ఒక చిన్న విద్యుత్ రవ్వ. సరియైన క్షణాన అది పుట్టకపోతే విమానమైనా, మోటారుకారైనా నిలిచిపోవలసినదే. దాని చరిత్రలో హైదరాబాదు విమానాశ్రయాలకూ చోటున్నది.

1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటాలు బేగంపేట నుంచి ఎగిరేవి. 1953లో ఆ సంస్థ జాతీయమైనది. డకోటాకు ఇంజనులు రెండు. ఒక్కొక్క ఇంజనులో సిలిండర్లు 14, ప్రతి సిలిండరుకు స్పార్క్ ప్లగ్గులు రెండు. వెరసి 56 ప్లగ్గులు. వాటికి విద్యుత్తును అందించే మాగ్నెటోలు ఇంజనుకు రెండేసి. అయస్కాంతం తిరిగినంతసేపు మాగ్నెటో తన విద్యుత్తును తానే పుట్టించుకొంటుంది. బ్యాటరీతో దానికి పని లేదు. ఒకటి చెడినా రెండవది పని సాగిస్తుంది. ఆకాశంలో ఆగి మరమ్మతు చేసుకొనే వీలు లేదు కదా!

రోడ్డుమీది కారుకు అంత భయం లేదు. అందువల్ల 1910 ప్రాంతాన అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన బ్యాటరీ పద్ధతి దానికి చాలినది. ఒక తీగచుట్టలోని ప్రవాహాన్ని హఠాత్తుగా తెంచితే, దానితో జతపడిన రెండవ చుట్టలో వేల వోల్టులు పుడతవి. తెంచే పని ‘పాయింట్ల’ది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, పాయింట్లు సెకనుకు 100 మార్లు విడిపోవాలి. అవి కాలి, అరిగి, రవ్వ వేళ తప్పేది. పెట్రోలు వృథా అయ్యేది. అంబాసిడర్, ఫియట్ కార్ల కాలపు మెకానిక్కు ఉప్పుకాగితంతో వాటిని రుద్ది, సందు సరిచేసి బండిని పంపేవాడు.

1947లో ట్రాన్సిస్టరు పుట్టడంతో మార్గం మారినది. 1970లలో అమెరికా కార్లలో పాయింట్లు తొలగిపోసాగినవి. తిరిగే చక్రం స్థానాన్ని ఒక గ్రాహకం, తాకకుండానే, పసిగడుతుంది. ట్రాన్సిస్టరు ప్రవాహాన్ని తెంచుతుంది. రాపిడి లేదు, అరుగుదల లేదు. తరువాత, ఇంజను వేగాన్నీ భారాన్నీ లెక్కగట్టి రవ్వ వేళను నిర్ణయించే పని కంప్యూటరుకు దక్కినది.

లాభం గొప్పదే; నష్టమూ లేకపోలేదు. నేడు శంషాబాదు దారిలో ఆ పెట్టె చెడితే ఉప్పుకాగితం పనికిరాదు. విమానం వేళ మించిపోతున్నా బండిని లాగించవలసినదే.

2008 మార్చి 23న శంషాబాదు నుంచి విమానాల రాకపోకలు ఆరంభమైనవి. అక్కడ దిగే జెట్ విమానాలకు రవ్వ ముఖ్యంగా ఇంజను ప్రారంభానికే అవసరం; అటుపై మంట తనంత తానే నిలుస్తుంది. అయినా సాధారణంగా ఒక్కొక్క ఇంజనుకు రవ్వనిచ్చే ప్లగ్గులు రెండు అమరుస్తారు. డకోటా నాటి జాగ్రత్తను ఆకాశం ఇంకా విడువలేదు.