మంచి ఆటగాణ్ణి బెంచీ మీద ఎందుకు కూర్చోబెడతారు?

అమెరికన్ ఫుట్‌బాల్ కొత్తగా చూసే మనవాళ్ళకి ఒక డౌటు తప్పకుండా వస్తుంది. ఇప్పుడే అవతలి క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టి గంతులేసినవాడు, కాసేపటికే బయట కూర్చుని నీళ్ళు తాగుతుంటాడు. బాగా ఆడేవాణ్ణి తీసేయడమేంటి? అసలే క్రికెట్ చూసి పెరిగిన బుర్రలాయె. కానీ ఫాస్ట్ బౌలర్ చేత నాలుగైదు ఓవర్లు వేయించి ఫైన్ లెగ్‌కి పంపేయడం మనకి తెలిసిందే కదా. ఇదీ దాదాపు అదే.

ఒకప్పుడు ఇలా మార్చడానికి రూల్సే ఒప్పుకునేవి కావు. 1930లలో కాలేజీ ఆటలో ఒకసారి బయటికెళ్ళినవాడు ఆ క్వార్టర్లో మళ్ళీ రాకూడదు. ఎటాకూ వాళ్ళే, డిఫెన్సూ వాళ్ళే. తర్వాత ప్రపంచయుద్ధం వచ్చి కుర్రాళ్ళంతా సైన్యంలోకి పోయారు. 1941లో కాలేజీలు, 1943లో ఎన్‌ఎఫ్‌ఎల్ రూల్ సడలించాయి. ఆ ఏడు జనం చాలక ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్ టీములు కలిసిపోయి ఒకే టీముగా ఆడాయంటే పరిస్థితి ఊహించుకోండి.

1945లో మిచిగన్ కోచ్ ఫ్రిట్జ్ క్రిస్లర్ బలమైన ఆర్మీ టీము మీదికి చిన్న కుర్రాళ్ళతో వెళ్ళాల్సొచ్చింది. ఎటాక్‌కి కొందరిని, డిఫెన్స్‌కి ఇంకొందరిని విడగొట్టాడు. 28-7తో ఓడిపోయాడు గానీ, ఐడియా మాత్రం గెలిచింది. మధ్యలో ఒకసారి వెనక్కి తగ్గినా, 1950లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంతమందినైనా మార్చుకోవచ్చని తేల్చేసింది. కాలేజీలు మాత్రం ఖర్చు భరించలేక 1953లో పాత పద్ధతికి పోయి, 1964లో గానీ తిరిగి రాలేదు.

ఐనా పాత వీరుడి మీద మోజు పోతుందా? 1960 ఫైనల్లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ తరఫున చక్ బెడ్నారిక్, 35 ఏళ్ళ వయసులో, రెండు వైపులా ఇంచుమించు ఆటంతా ఆడాడు. చివరి బంతికి జిమ్ టేలర్‌ని తనే పట్టి పడేశాడు. 17-13.

మరి ఈ మార్పిడి ముఖ్యంగా డిఫెన్సివ్ లైన్‌కే ఎందుకు? ఎదురుగా ఉండే ఐదుగురు అఫెన్సివ్ లైన్‌వాళ్ళు కూడా భారీకాయులే, కానీ వాళ్ళని మార్చరు. వాళ్ళ పని ఒకరినొకరు చూసుకుంటూ గోడలా నిలబడటం, మనిషి మారితే గోడకి బీటలు పడతాయి. డిఫెన్స్‌వాడు ఆ గోడని బద్దలు కొట్టాలి. 130 కిలోల మనిషి ప్రతిసారీ మొదటి అడుగు అదే వేగంతో వేయాలి. అలిసిపోతే ముందు పోయేది ఆ మొదటి అడుగే.

2017 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్ ఫైనల్లో అట్లాంటా 28-3తో ముందుండి కూడా ఓడిపోయింది. న్యూ ఇంగ్లండ్ ఆడిన ప్లేలు 93, అట్లాంటావి 46. లైన్‌లో ఎంతమందిని మార్చినా, సొంత అఫెన్సు త్వరత్వరగా బంతి పోగొట్టుకుని వచ్చేస్తుంటే ఇంక రెస్టెక్కడిది?

మరుసటి ఏడాది అదే న్యూ ఇంగ్లండ్ మీద ఈగిల్స్. డిఫెన్స్ కోచ్ జిమ్ ష్వార్ట్జ్ సీజన్ అంతా లైన్‌వాళ్ళని వంతులవారీగా తిప్పాడు. ఆ రాత్రి న్యూ ఇంగ్లండ్ 613 గజాలు కొట్టింది, కాబట్టి రొటేషన్ మంత్రదండం అని నేననను. కానీ ఆట ఇంక రెండు నిమిషాల పైచిలుకు ఉందనగా బ్రాండన్ గ్రాహమ్ టామ్ బ్రేడీ చేతిలోంచి బంతిని ఊడగొట్టాడు. మ్యాచ్ మొత్తంలో ఈగిల్స్‌కి దొరికిన శాక్ అదొక్కటే. 41-33. 1960 తర్వాత ఈగిల్స్‌కి అదే మొదటి టైటిల్.

ఆటగాడికి ఇది ఊరికే వచ్చేది కాదండోయ్. బయట కూర్చుంటే శాక్‌ల లెక్క తగ్గుతుంది, తర్వాతి కాంట్రాక్టు ఆ లెక్క మీదే ఉంటుంది. అందుకే "నేను బానే ఉన్నా, ఆడతా" అంటాడు. అలిసిపోయానని అలిసినవాడు ఒప్పుకోడు. ఆ నిర్ణయం కోచ్ ముందే చేసిపెట్టాలి.

రాత్రి రెండింటికి కూడా ఫోనెత్తేవాడే హీరో అనుకునే మన ఫీల్డులో, బెడ్నారిక్‌లకి చప్పట్లు కొట్టడం తేలిక. చివరి రెండు నిమిషాల కోసం ఒకణ్ణి దాచిపెట్టడమే కష్టం.