నూనెపై సుంకం: ఎవరి పేరున వేశారు, ఎవరికి చేరింది?

2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై అప్పటిదాకా సున్నాగా ఉన్న మూల దిగుమతి సుంకాన్ని 20 శాతం చేసింది. వ్యవసాయ సెస్సు, సర్‌ఛార్జి కలుపుకుంటే మొత్తం భారం 5.5 శాతం నుంచి 27.5కు, శుద్ధి చేసిన నూనెలపై 13.75 నుంచి 35.75కు పెరిగింది. వాడుకునే వంటనూనెలో సగానికి పైగా ఓడల్లో తెచ్చుకునే దేశానికి ఇది చిన్న మార్పు కాదు. అప్పటికి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ మార్కెట్లలో సోయాబీన్ క్వింటాలుకు 4,892 రూపాయల మద్దతు ధర దక్కడం లేదు. మహారాష్ట్ర శాసనసభ ఎన్నికలు నవంబరులో. సుంకం ఎవరిని మెప్పించడానికో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

మేలు మాత్రం ఆ సోయా రైతులకు అందలేదు. సోయా గింజలో నూనె సుమారు ఐదో వంతే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కోళ్లదాణాకు పోయే చెక్క. నూనె మీద సుంకం చెక్క ధరను లేపదు. దానికి తోడు ఇథనాల్ కర్మాగారాల్లో మిగిలే పిప్పి చవగ్గా దాణాలోకి వచ్చి చేరింది. సుంకం పెరిగాక కూడా చాలాచోట్ల సోయా మద్దతు ధర కిందే ఉండిపోయింది.

ఆయిల్‌పామ్ సంగతి వేరు. గెలల ధరను ముడి పామాయిల్ ధర, గెల నుంచి దిగే నూనె శాతం చూసి లెక్కగడతారు. కాబట్టి రేవులో పెరిగిన సుంకం కొద్ది వారాల్లోనే అశ్వారావుపేట తోటకు చేరుతుంది. తెలంగాణలో టన్ను గెలలు 14 వేల చిల్లర నుంచి 17 వేలు దాటాయి. అంతా సుంకం ఖాతాలో రాయకూడదు. ఇండోనేషియా తన నూనెను బయోడీజిల్‌కు మళ్లించడంతో ప్రపంచ ధర కూడా పెరిగింది. ఏమైనా, విదర్భ రైతు పేరున వేసిన సుంకం భద్రాద్రి కొత్తగూడెం రైతుకు అక్కరకొచ్చింది. సొమ్ము కదిలింది మాత్రం బజ్జీల బండి మీది మూకుడు నుంచి.

ఇంతలో నేపాల్ దారి తెరుచుకుంది. అక్కడ సోయా సాగు అంతంతమాత్రం. బయటి నుంచి ముడి నూనె తెప్పించుకుని, శుద్ధి చేసి, దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం (సాఫ్టా) అండతో సుంకం లేకుండా మనకు పంపారు. గట్టు ఎత్తు పెరిగేకొద్దీ గండి దగ్గర కాపు కాసినవాడికి లాభం.

2025 మే 30న ముడి నూనెల మూల సుంకాన్ని 10 శాతానికి దించారు, మొత్తం భారం 16.5 శాతానికి వచ్చింది. శుద్ధి నూనెల జోలికి పోలేదు. రెంటి మధ్య తేడా 8.25 నుంచి 19.25 శాతానికి పెరిగింది. రిఫైనరీలు ఎప్పటినుంచో అడుగుతున్నది ఇదే. వినియోగదారుకు ఊరట అన్నారు గానీ, నా దృష్టిలో అందరికంటే గట్టిగా వినిపించిన గొంతు వాళ్లది.

ఆయిల్‌పామ్ మొక్క నాలుగో ఏడు కాపుకొస్తుంది, పాతికేళ్లకు పైగా కాస్తుంది. 20 శాతం సుంకం నిలిచింది ఎనిమిదిన్నర నెలలు. 2018 మార్చిలో ముడి పామాయిల్‌పై 44 శాతం చూసి మొక్క నాటినవాడు గెల కోయబోయే వేళకు, 2021 అక్టోబరులో, మూల సుంకం సున్నా అయింది. అప్పట్లో ప్రపంచ ధరలు మండిపోతుండబట్టి దెబ్బ తెలియలేదు. మిర్చి రైతైతే టిక్కీలను కోల్డ్‌స్టోరేజీలో పెట్టి ధర కోసం చూస్తాడు. గెల కోశాక 24 గంటల్లోపు మిల్లుకు చేరాలి, లేదంటే నూనెలో ఆమ్లం పెరుగుతుంది. ఆ నెల లెక్కలో ఏ ధర పడితే దానికే తూకం వేసి రావాలి.