ఆధారం అనే మాటకు రెండర్థాలు

తెలుగులో 'ఆధారం' అన్న మాట చిత్రమైనది. కోర్టులో అయితే సాక్ష్యం, పాదు పక్కన అయితే పందిరి గుంజ. ఇంగ్లీషు వాళ్ళకి ఈ రెంటికీ వేరు వేరు మాటలున్నాయి. మనం ఒక్కదానితోనే సరిపెట్టుకున్నాం. బడిపిల్లల మనసు బాగోగులు ఎవరు, ఎప్పట్నుంచి, ఏం చూసుకుని పట్టించుకున్నారన్న చరిత్ర కాస్త తిరగేస్తే, మనం సరిపెట్టుకున్నదే సరైనదేమో అనిపిస్తుంది.

నేనుండేది సింగపూర్లో, బుకిట్ బటోక్‌లో. మలయ్ భాషలో బుకిట్ అంటే కొండ, బటుక్ అంటే దగ్గు. ఒకప్పుడు ఇక్కడి గ్రానైట్ క్వారీల్లో రాళ్ళు పేలుస్తుంటే కొండ దగ్గినట్టు వినపడేదట, అందుకే దగ్గుకొండ అయిందట. (ఆ పేరు వెనక వేరే కథలు కూడా ఉన్నాయి లెండి.) క్వారీలు ఎప్పుడో మూతపడి, నీళ్ళు నిండి, పార్కులయ్యాయి. ఆదివారం సాయంత్రం పిల్లల్ని అక్కడ వదిలేసి మనవాళ్ళు మాట్లాడుకునే విషయాలు మూడే: పీఆర్, ఇంటి అద్దె, పీఎస్‌ఎల్‌ఈ. ఆరో తరగతిలో రాసే ఈ పరీక్ష 1960 నుంచీ ఉంది. తోటిపిల్లలతో పోల్చి లెక్కగట్టే టీ-స్కోరుని 2021లో తీసేశారు. మన ఇళ్ళల్లో మాత్రం ఇంకా పాత వెర్షనే నడుస్తోంది.

మొన్నామధ్య ఒక తెలుగాయన అక్కడే గొంతు తగ్గించి అడిగాడు: "బళ్ళోంచి కబురొచ్చిందండీ. మావాణ్ణి కౌన్సెలర్ దగ్గర కూచోబెడతామంటున్నారు. వాడికేమన్నా పిచ్చా?" కుర్రాడికి జ్వరం లేదు. పొద్దున్నే కడుపునొప్పి అంటాడు, శనాదివారాల్లో అనడు. దగ్గయితే పదిమందికీ వినపడుతుంది కాబట్టి వెంటనే పాలీక్లినిక్‌కి తీసికెళతాం. ఇది అలా వినపడేది కాదు. అయితే ఆయన ప్రశ్న ఆయన ఒక్కడిదీ కాదు. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది.

సింగపూర్లో మొదటి పిచ్చాసుపత్రి కట్టింది 1841లో. 1928లో యియో చు కాంగ్ దగ్గర ఇంకా పెద్దది కట్టారు. 1951లో దానికి వుడ్‌బ్రిడ్జ్ అని పేరు పెట్టారు. హైదరాబాదులో ఒకణ్ణి "ఎర్రగడ్డకి వెళ్ళు" అంటే ఏమర్థమో, ఇక్కడి పాతతరం వాళ్ళకి వుడ్‌బ్రిడ్జ్ అన్నా అదే అర్థం. 1993లో అది బువాంగ్‌కాక్‌లో కొత్త భవనాల్లోకి మారింది, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ అని బోర్డూ మారింది. బోర్డు మారినంత తొందరగా భయం మారదు కదా.

పిల్లలకంటూ విడిగా ఒక మానసిక వైద్య క్లినిక్ 1970లో వచ్చింది. 1984లో సింగపూర్ చిల్డ్రన్స్ సొసైటీ వాళ్ళు, ప్రైమరీ బడి పిల్లలు తామే ఫోన్ చేసి మనసులో మాట చెప్పుకోడానికి 'టింకిల్ ఫ్రెండ్' అనే లైన్ పెట్టారు. 1980ల చివర్లో విద్యాశాఖ ఆ బాధ్యత కొంత టీచర్ల మీద పెట్టింది. లెక్కలు చెప్పే టీచరే పిల్లవాడి దిగులు కూడా కనిపెట్టాలి. ఆ తర్వాత, బడికి ఒక ఫుల్‌టైమ్ కౌన్సెలర్ ఉండాల్సిందే అని నిర్ణయించుకుని 2008 నాటికి ఆ పని పూర్తి చేశారు. 1841 నుంచి లెక్కేసుకుంటే, ఆసుపత్రి గోడల మధ్యనుంచి బడిలో ఒక చిన్న గదిలోకి రావడానికి 167 ఏళ్ళు పట్టిందన్నమాట.

సరే, గది వచ్చింది, గదిలో ఒక మనిషి వచ్చింది. ఆ మనిషికి అంతుపట్టని కేసు వస్తే? దానికోసం 2007లో రీచ్ అనే ఏర్పాటు మొదలైంది. డాక్టర్లు, సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లు ఒక బృందంగా ఉంటారు. కౌన్సెలర్ వాళ్ళకి ఫోన్ చేసి సలహా అడగొచ్చు, అవసరమైతే వాళ్ళే బడికొస్తారు. ముందు ఉత్తరాది బడుల్లో మొదలుపెట్టి నాలుగైదేళ్ళలో దేశమంతా విస్తరించారు. మా పడమటి వైపు బడుల బృందాన్ని నేషనల్ యూనివర్సిటీ హాస్పిటల్ చూసుకుంటుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, లెవెల్ వన్ సపోర్ట్ వెనకాల లెవెల్ టూ పెట్టారు.

ఇక్కడిదాకా గుంజ అనే ఆధారం. ఇప్పుడు సాక్ష్యం అనే ఆధారం సంగతి చూద్దాం.

ప్రపంచంలో మొదటి సైకాలజీ క్లినిక్ అని చెప్పుకునేదాన్ని 1896లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లైట్నర్ విట్మర్ పెట్టాడు. మొదటి కేసు తీసుకొచ్చింది ఒక స్కూలు టీచరు. కుర్రాడు తెలివైనవాడే, స్పెల్లింగులు మాత్రం రావు. పరీక్షిస్తే కంటిచూపులో లోపం బయటపడింది, కళ్ళజోడు పెట్టించారు. మొద్దు అని ముద్ర వేసేముందు చూసి తేల్చుకోవాలన్న పాఠం మొదటిరోజే దొరికింది. వైద్యంలో ఏ పద్ధతి నిజంగా పనిచేస్తుందో లెక్కగట్టి తేల్చాలని ఆర్చీ కాక్రన్ అనే బ్రిటిష్ డాక్టరు 1972లో పుస్తకం రాశాడు. ఆయన పేరు మీద 1993లో పుట్టిన సంస్థ ఇప్పటికీ ఆ లెక్కలే వేస్తోంది.

ఇంటర్నెట్ వచ్చాక ఈ లెక్కలు బడి గదిలోకి నేరుగా దిగాయి. లండన్‌లో రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించిన ఎస్‌డీక్యూలో ఉన్నవి 25 ప్రశ్నలే, ఒక్క కాగితం. కౌన్సెలర్లు దాన్ని వెబ్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. అందులో ఒకటి, పిల్లవాడికి తరచూ తలనొప్పో కడుపునొప్పో వస్తోందా అని అడుగుతుంది. మా పార్కు కుర్రాడి కడుపునొప్పికి దాదాపు ముప్ఫై ఏళ్ళ కిందటే ఒక గడి కేటాయించి పెట్టారన్నమాట! 2001లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ వాళ్ళు మూడ్‌జిమ్ అనే సైటు పెట్టారు. ఆలోచన మార్చుకుంటే దిగులు ఎలా తగ్గుతుందో అభ్యాసాలతో నేర్పడానికి పెట్టిన సైటు అది. 2005లో సౌత్ కెరొలైనా మెడికల్ యూనివర్సిటీ వాళ్ళు, భయంకరమైన అనుభవాలు ఎదురైన పిల్లలకి చికిత్స ఎలా చెయ్యాలో థెరపిస్టులకి నేర్పే పది గంటల కోర్సుని వెబ్‌లో ఉచితంగా పెట్టారు. మారుమూల ఊళ్ళో కౌన్సెలర్‌కి కూడా పెద్దాసుపత్రిలో ట్రెయినింగు లాంటిది దొరికింది.

అన్నట్టు, సాక్ష్యం ఎప్పుడూ మనకి నచ్చే కబురే చెప్పదు. మైండ్‌ఫుల్‌నెస్ అని ఈమధ్య ఒకటే మోత కదా. బ్రిటన్‌లో 8 వేలమందికి పైగా బడిపిల్లల మీద పరీక్షించి 2022లో తేల్చారు. టీచర్లు క్లాసు మొత్తానికీ దాన్ని నేర్పితే, మామూలు పాఠాల కంటే ఎక్కువ మేలేమీ కనపడలేదు. ఇలాంటి ఫలితం కూడా కౌన్సెలర్‌కి పనికొచ్చేదే. బడిలో ఉండేది వారానికి ఐదు రోజులే, దేనికి ఖర్చుపెట్టకూడదో తెలియాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి వేరే రెండు. ఒకటి, మూడ్‌జిమ్ మీదే 2009లో వచ్చిన పరిశీలన. ఇంటి దగ్గర తమంతట తామే సైటు తెరిచిన పిల్లలు సగటున మూడు అభ్యాసాలు చేసి వదిలేశారు. బడిలో, క్లాసులో టీచరు ఉండగా చేసినవాళ్ళు తొమ్మిది దాకా వెళ్ళారు. సైటు అదే, అక్షరం మారలేదు. రెండోది మన బీహార్‌లోది, 2018లో వచ్చింది. 74 బడుల్లో ఒకే కార్యక్రమాన్ని కొన్నిచోట్ల టీచర్ల చేత, కొన్నిచోట్ల కొద్దిపాటి శిక్షణ ఇచ్చిన స్థానికుల చేత చేయించారు. ఆ స్థానికులు డిగ్రీలున్న థెరపిస్టులేం కారు, కానీ అదొక్కటే వాళ్ళ పని. వాళ్ళున్న బడుల్లో బడి వాతావరణం మెరుగుపడింది, పిల్లల్లో దిగులు తగ్గింది, ఏడిపించడాలు తగ్గాయి. టీచర్లకే అదనపు పనిగా అప్పగించిన బడుల్లో తేడా కనపడలేదు.

చెప్పొచ్చేదేమిటంటే, ఎంత మంచి సాక్ష్యమైనా గుంజ లేకపోతే పాకదు. గుంజ ఒక్కటీ పాతేసి, తీగ ఎటు పాకాలో తెలియకపోయినా లాభం లేదు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. ఇంటర్ కాలేజీల్లో పిల్లల ఆత్మహత్యల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీరదా రెడ్డి కమిటీ వేసింది 2001లో, మూడ్‌జిమ్ పుట్టిన ఏడాదే. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాక 20 మందికి పైగా పిల్లలు పోయారు. 2022 అక్టోబరులో టెలీ మానస్ వచ్చింది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఒక పదిహేడేళ్ళ అమ్మాయి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ కనీసం ఒక అర్హతగల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు. సింగపూర్లో ముందు గది, తర్వాత దాని వెనక బృందం, ఆ పైన 2020లో మైండ్‌లైన్ సైటు, 2025లో 1771 అనే జాతీయ ఫోన్ లైను వచ్చాయి. మనకి ఫోన్ ముందొచ్చింది, గది కోర్టు కాగితం మీద ఉంది. వరస తప్పిందని బాధపడక్కర్లేదు గానీ, ఫోన్ ఉంది కదా అని గదిని మర్చిపోతేనే ప్రమాదం.

ఆ తెలుగాయనకి నేను చెప్పింది కూడా ఇంతే: కౌన్సెలర్ దగ్గర కూచోవడం అంటే వుడ్‌బ్రిడ్జ్‌కి వెళ్ళడం కాదు, అలా వెళ్ళాల్సిన అవసరం రాకుండా చూసుకోడానికి కట్టిన గది అది. పంపించండి, వెళ్ళొచ్చాక ఏం చెప్పావురా అని గుచ్చి గుచ్చి అడక్కండి, అన్నాను.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. సింగపూర్ బడుల్లో మాతృభాష కింద చదువుకోడానికి మన భాషల్లో తమిళం ఉంది, 1990 ప్రాంతం నుంచి హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు లేదు. 1975లో పుట్టిన తెలుగు సమాజం ఉండబట్టి పండగలకైనా తెలుగు వినపడుతుంది. మన పిల్లలు ఇంగ్లీషులో దిగులుపడటం నేర్చుకుంటున్నారు, ఇంట్లో అమ్మమ్మకి తెలిసింది 'బెంగ'. "వాడు బెంగ పెట్టుకున్నాడే, అందుకే ఒళ్ళు వెచ్చబడింది" అని ఆవిడ ఎన్ని తరాల కిందటి పరిశీలనో చెబుతుంది. తర్వాత దిష్టి తీస్తుంది, అది వేరే సంగతి. ప్రశ్నావళుల్ని తెలుగులోకి తేవడం స్ట్రింగ్ ఫైల్ మార్చినంత సులువు కాదు. ఒకరు తెలుగు చెయ్యాలి, ఇంకొకరు అసలు చూడకుండా దాన్ని మళ్ళీ ఇంగ్లీషు చెయ్యాలి, రెండూ కలవాలి, ఆపైన పిల్లల మీద సరిచూడాలి. ఆ పని చెయ్యగల సైకాలజిస్టులు మనలో ఉన్నారు. వాళ్ళు 'బెంగ'కి ఒక గడి కేటాయించిన రోజున, అమ్మమ్మ చెప్పే సంగతి కూడా సాక్ష్యంలో చేరుతుంది.