సభ్యత్వ పుస్తకంలో లేని ఆడపిల్లలు

మన పల్లెల్లో అంబేద్కర్ యువజన సంఘం లేని పల్లె అరుదు. మాలపల్లె మొదట్లోనో మాదిగవాడ మలుపులోనో ఒక నీలిరంగు బోర్డు ఉంటుంది, దాని పక్కన వేలెత్తి నిలబడ్డ బాబాసాహెబ్ విగ్రహం ఉంటుంది. బోర్డు మీద అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పేర్లు రాసి ఉంటాయి. అందులో ఒక్క ఆడపిల్ల పేరు కనపడితే అది విశేషమే. ఏప్రిల్ 14న విగ్రహం ముందు కడిగి ముగ్గేసేది ఆడపిల్లలే. సభలో పాట అందుకునేదీ వాళ్ళే. సభ్యత్వ పుస్తకంలో మాత్రం ఉండరు. ఎందుకని అడిగితే పెద్దవాళ్ళు చెప్పే జవాబు ఒక్కటే: "పెళ్ళయి పోయే పిల్లకి సభ్యత్వం దేనికి?"

ఈ జవాబుని మేం తేలిగ్గా తీసిపారెయ్యదల్చుకోలేదు. 1985 జూలైలో కారంచేడులో చెరువు దగ్గర బిందె ఎత్తి ఎదురు తిరిగింది మున్నంగి సువార్త. ఆ మర్నాడు, 17న, ఆరుగురిని చంపారు. ఆ నెత్తుటి నుంచే దళిత మహాసభ పుట్టింది, ఊరూరా సంఘాల బోర్డులు లేచాయి. సువార్త బిందె ఎత్తినప్పటికి ఆ మహాసభ ఇంకా లేదు. పోరాటం ఆడమనిషి చేతిలో మొదలైతే సంఘం మగపిల్లల చేతిలోకి ఎట్లా పోయింది? ఇది మన ఒక్కరి కథేనా, ఇంకెక్కడైనా ఆడపిల్లలు దీన్ని దాటారా? దీనికి జవాబు వెతుక్కుంటూ మేం నాగపూర్ వైపు చూడాల్సి వచ్చింది. అక్కడి ఆడవాళ్ళ చరిత్ర మిగిలి ఉంది. మిగలడానికి కారణం ఊర్మిళా పవార్, మీనాక్షీ మూన్. అంబేద్కర్ ఉద్యమంలో పనిచేసిన స్త్రీలని ఇళ్ళకి వెళ్ళి కలిసి, 1989లో మరాఠీలో పుస్తకం వేశారు. 'మేమూ చరిత్ర నిర్మించాం' అని దానికి పేరు పెట్టుకున్నారు.

నాగపూర్ కథ సంఘంతో కాదు, బడితో మొదలవుతుంది. జాయిబాయి చౌదరి నాగపూర్, కామ్టీల మధ్య మూటలు మోసిన కూలి. ఒక మిషనరీ నన్ చదువు చెప్పింది, టీచరు ఉద్యోగమూ ఇప్పించింది. అంటరాని పంతులమ్మ మాకొద్దని హిందువులు గొడవ చేస్తే ఆ ఉద్యోగం పోయింది. 1922లో జాయిబాయి సంత్ చోఖామేళా పేరున తానే ఆడపిల్లల బడి పెట్టింది. అంటరాని పిల్లలు నలుగురు ఒకచోట చేరడానికి ఊళ్ళో ఇంకో చోటు ఉంటే గదా? గుడి లేదు, బావి లేదు. బడే వాళ్ళకి మొదటి సంఘం.

ఆడపిల్లలకి విడిగా సంఘం ఎందుకు, స్త్రీలందరూ కలిసి ఉండొచ్చు గదా అని అగ్రకుల మిత్రులు మమ్మల్ని ఇప్పటికీ అడుగుతుంటారు. వాళ్ళకి 1937 గుర్తుచెయ్యాలి. ఆ ఏడు అఖిల భారత మహిళా సదస్సు నాగపూర్లో జరిగింది. ఇంత పని చేసిన జాయిబాయిని భోజనాల దగ్గర వేరుగా కూచోబెట్టారు. వేదిక మీద అక్కాచెల్లెళ్ళం, విస్తరి దగ్గర కాదు. దళిత స్త్రీలు దానికి నిరసనగా విడిగా సభ పెట్టుకున్నారు. వేరు పడింది మనవాళ్ళు కాదు.

ఐదేళ్ళ తర్వాత, 1942 జూలై 20న, అదే నాగపూర్లో అఖిల భారత అణగారిన వర్గాల మహిళా సభ జరిగింది. సులోచనాబాయి డోంగ్రే అధ్యక్షత వహించింది. పాతికవేల మంది స్త్రీలు వచ్చారంటారు. మిల్లు కూలీలు, బీడీ చుట్టేవాళ్ళు, మున్సిపాలిటీలో ఊడ్చేవాళ్ళు. ఆ సభ తీర్మానాలు చదివితే మనకి సిగ్గేస్తుంది, ఇన్నేళ్ళ తర్వాత కూడా అందులో సగం అడుగుతూనే ఉన్నాం గనక. విడాకుల హక్కు కావాలన్నారు. ఒకరి మీద ఒకరిని చేసుకునే మగవాళ్ళని ఆపాలన్నారు. కూలీ స్త్రీకి సెలవు, పెన్షన్ కావాలన్నారు. మిల్లులో ఆడవాళ్ళ మీద ఆడ సూపర్‌వైజర్నే పెట్టాలన్నారు. ఇది లోపల పని చేసినవాళ్ళకి మాత్రమే తోచే మాట. చట్టసభల్లో సీట్లు అడిగారు.

మేం ఎక్కువ సేపు ఆగిపోయింది హాస్టల్ తీర్మానం దగ్గర. ప్రతి రాష్ట్రంలోనూ యాభైమంది అణగారిన వర్గాల ఆడపిల్లలకి సర్కారు ఖర్చుతో హాస్టల్ పెట్టాలని అడిగారు. పైకి చూస్తే చదువు కోసం అడిగినట్టే ఉంది. మా లెక్కలో అందులో ఇంకో సంగతీ ఉంది. ఇంట్లో ఉన్న పిల్ల అయితే తమ్ముణ్ణి ఎత్తుకోవాలి, లేకపోతే పెళ్ళికి సిద్ధపడాలి. యాభైమంది ఒక కప్పు కింద నాలుగేళ్ళు ఉంటే ఎవరూ పిలవకుండానే అది సంఘమవుతుంది. అదే సభలో అంబేద్కర్ తల్లులకి చెప్పిన మాటల్లో ఒకటి పిల్లల పెళ్ళికి తొందరపడొద్దని. హాస్టలూ, పెళ్ళి వాయిదా ఒకే మాటకి రెండు కొసలు.

పెళ్ళి ఎంత పెద్ద అడ్డమో ఇద్దరి జీవితాలు చూస్తే తెలుస్తుంది. నాసిక్ శాంతాబాయి దాణీ చదువుకునే వయసులోనే ఉద్యమంలోకి వచ్చింది, షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్లో పనిచేసింది, జైలుకెళ్ళింది, శాసన మండలి దాకా పోయింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఫల్టణ్ బేబీ కాంబ్లే పెళ్ళి చేసుకుంది. చిన్నప్పుడు బడిలో అగ్రకుల పిల్లలతో కలబడ్డ మనిషి, ఉద్యమాన్ని ఎన్నడూ వదలని మనిషి, తన కథ రాసిన కాగితాలు మాత్రం ఏళ్ళ తరబడి భర్త కంట పడకుండా దాచుకుంది. అది 1986లో గానీ పుస్తకంగా రాలేదు. అగ్రకులాల మీద ఎదురు తిరిగినంత సులువుగా ఇంట్లో కాగితం విప్పలేకపోయింది. మన ఉద్యమ నాయకులకి ఈ మాట నచ్చదని మాకు తెలుసు.

మన దగ్గరా తెగించినవాళ్ళు లేకపోలేదు. చిన్నతనంలోనే పెళ్ళయి, ఆ కాపురం నుంచి బిడ్డతో సికింద్రాబాద్ తిరిగొచ్చిన ఈశ్వరీబాయి టీచరుగా బతికింది, వాడల్లో ఆడవాళ్ళకి పని నేర్పింది, 1967లో ఎల్లారెడ్డి నుంచి అసెంబ్లీకి గెలిచింది. ఆమెని తల్చుకునేటప్పుడు నాయకురాలనే అంటాం. ఆమె దగ్గరికి వచ్చి కూచున్న పిల్లలెవరు, వాళ్ళు పెళ్ళిళ్ళయి ఏ ఊళ్ళకి పోయారు అని అడగం.

అందుకే సంఘాల చరిత్ర రాసే పరిశోధక మిత్రులకి మా విన్నపం ఒకటుంది. బోర్డు మీది పేర్లు రాసుకుని వచ్చెయ్యకండి. ఆ ఏట ముగ్గేసిన పిల్లలెవరో, పాట పాడిన పిల్లలెవరో వాడలో అడగండి. వాళ్ళ అత్తగారి ఊళ్ళకి పొండి. అక్కడ పొయ్యి దగ్గర ఉంటారు, పొలంలో ఉంటారు, కొందరు అంగన్‌వాడీలో ఉంటారు. పాటలు ఇంకా నోటికి వచ్చు. మీ వెంట భర్తో, మరిదో ఉంటే మాత్రం గుర్తులేదంటారు. అందుకని రెండోసారి ఒంటరిగా, ఆడమనిషే వెళ్ళాలి.